క్రోషే దుప్పటి: మొదటి గొలుసుకు ముందు వేయవలసిన లెక్క

వరంగల్ కొత్తవాడలో జంపఖానా నేసే నేతకారుడు మగ్గం మీద మొదటి పేక పోగు వేయకముందే దాని వెడల్పు ఎంతో, పొడవు ఎంతో, ఎంత నూలు పడుతుందో తేల్చుకొని ఉంటాడు. పడుగు ఎక్కించిన తరువాత వెడల్పు పెంచే వీలు లేదు గనుక లెక్క తేలనిదే పని మొదలు కాదు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ జంపఖానాల అందంలో రంగుల అమరికకు ఎంత వాటా ఉందో, కంటికి కనబడని ఈ ముందులెక్కకూ అంత వాటా ఉంది. క్రోషే అల్లికకు ఆ కట్టడి లేదు. ఒక హుక్కు, ఒక ఊలు ఉండ ఉంటే చాలు, బస్సులో కూర్చొనైనా గొలుసు, అంటే అల్లికకు పునాదిగా వేసే ముడుల వరుస, మొదలుపెట్టవచ్చు. నచ్చకపోతే విప్పి మళ్లీ అల్లవచ్చు. దుప్పటి దగ్గరకు వచ్చేసరికి ఈ స్వేచ్ఛే చిక్కు తెచ్చిపెడుతుంది. టోపీ కొలత తప్పితే ఒక సాయంత్రం పోతుంది. దుప్పటి కొలత తప్పిందని తెలిసేసరికి మాత్రం నెల రోజుల పని, కిలో ఊలు అందులోకి వెళ్లిపోయి ఉంటాయి.

నా మొదటి దుప్పటిని నేను లెక్క లేకుండానే మొదలుపెట్టాను. మా అక్కకు ఆదిలాబాద్ బదిలీ అయిన సంవత్సరం అది. హన్మకొండలో ఒక దుకాణం నుంచి మెరూన్ రంగు ఊలు పది ఉండలు తెచ్చుకొని, గొలుసును మంచానికి అడ్డంగా పరిచి చూసి, సరిపోయిందనిపించిన చోట ఆపి, వరుసలు ఎక్కించడం మొదలుపెట్టాను. పదో ఉండ అయిపోయేసరికి దుప్పటి మూడింట రెండు వంతులే వచ్చింది. అప్పటికి నెల దాటింది. అదే దుకాణంలో, అదే కంపెనీ, అదే షేడ్ నంబరు చూసి మరో ఐదు ఉండలు కొన్నాను. ఇంట్లో ట్యూబులైటు కింద ఏ తేడా కనబడలేదు. పూర్తయిన దుప్పటిని ఉతికి డాబా మీద ఎండలో పరిచినప్పుడు, మూడో వంతు దగ్గర, స్కేలు పెట్టి గీసినట్టు ఒక అడ్డగీత కనబడింది. గీతకు ఒక పక్క మెరూన్ ఇటుక రంగు వైపు, మరో పక్క వంకాయ రంగు వైపు ఒరిగి ఉంది. పైగా మొదలుపెట్టిన అంచు కంటే ముగిసిన అంచు దాదాపు అర జానెడు ఎక్కువ వెడల్పు ఉంది. అక్క ఆ చలికాలమంతా దాన్నే కప్పుకుంది. ఆ గీత, ఆ అర జానెడు ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసుకోవాలన్న పట్టుదల మాత్రం నాలో ఉండిపోయింది.

దుప్పటి కొలతను మంచం కొలతతో మొదలుపెట్టడం మనకు అలవాటు. అంతకంటే ముందు తేలవలసింది, అది ఎవరి మీద, ఎక్కడ పడుతుందనేది. కుర్చీలో కూర్చొనే పెద్దవారి ఒడిలోకి, మోకాళ్ల మీదికి అయితే 90 సెంటీమీటర్ల వెడల్పు, 120 సెంటీమీటర్ల పొడవు చాలు. అంతకంటే పెద్దదయితే కింద జీరాడి కాళ్లకు అడ్డం పడుతుంది. దివాను మీద పడుకొని మధ్యాహ్నం కునుకు తీసే మనిషికి 125, 150 సరిపోతాయి. తొట్టెల వేడుకకు బహుమతిగా ఇచ్చే పసిపిల్లల దుప్పటికి 75, 90 చాలు. ఇక్కడ ఒక మాట ఖచ్చితంగా చెప్పాలి. ఏడాది లోపు బిడ్డ నిద్రపోతున్నప్పుడు పక్కలో వదులైన దుప్పటి ఏదీ ఉండకూడదని పిల్లల వైద్యులు చెబుతారు. మనం ప్రేమతో అల్లిన దుప్పటి ఎత్తుకున్నప్పుడు చుట్టడానికి, మెలకువగా ఉన్నప్పుడు కింద పరచడానికి మాత్రమే. పిల్లల దుప్పటికి రంధ్రాలు పెద్దగా ఉండే జాలీ అల్లిక కూడా ఎంచుకోకూడదు. చిన్న వేళ్లు వాటిలో ఇరుక్కుంటాయి.

మంచానికి అల్లేటప్పుడు మాత్రం టేపు పట్టుకొని మంచం దగ్గరకు వెళ్లడమే సరైన పద్ధతి. ఒక మనిషి పడుకొనే మంచం వెడల్పు సాధారణంగా 36 అంగుళాలు ఉంటుంది గాని, పొడవు 72, 75, 78 అంగుళాలలో ఏదైనా కావచ్చు. ఇంటి దగ్గర వడ్రంగి చేసిన పాత మంచమైతే ఈ మూడూ కాకపోవచ్చు. నా లెక్క ఇలా ఉంటుంది. పరుపు వెడల్పు 90 సెంటీమీటర్లు అనుకుంటే, పరుపు మందానికి 12, దాని కిందికి వేలాడడానికి 18 కలిపి ఒక్కో పక్కకు 30 చొప్పున చేర్చాలి. మొత్తం 150 అవుతుంది. పక్కకు ఈ 30 లేకపోతే మనిషి ఒక్కసారి ఒత్తిగిల్లగానే వీపు బయటపడుతుంది. పొడవులో తలగడ దగ్గరి భాగం కప్పవలసిన పని లేదు గనుక 190 నుంచి 40 తీసేసి, పాదాల వైపు 30 చేర్చితే 180. ఇద్దరు కప్పుకొనే దుప్పటికి వెడల్పులో మరింత ఉదారంగా ఉండాలి. ఇద్దరు మనుషుల మధ్య దుప్పటి పైకి లేచి గుడారంలా నిలబడి పక్కల నుంచి కొలత తినేస్తుంది.

చాలామంది పొరబడేది ఈ తరువాతి మెట్టు మీద. ఊలు ఖర్చయ్యేది వెడల్పును బట్టీ కాదు, పొడవును బట్టీ కాదు, వైశాల్యాన్ని బట్టి. 150, 180 కొలతల దుప్పటి వైశాల్యం 27,000 చదరపు సెంటీమీటర్లు. రెండు వైపులా ఐదో వంతు పెంచి 180, 216 చేస్తే వైశాల్యం 38,880 అవుతుంది. కొలత 20 శాతమే పెరిగినట్టు కనబడుతుంది, ఊలు మాత్రం 44 శాతం పెరుగుతుంది. మధ్యలో "ఇంకొంచెం పెద్దది చేద్దాం" అనిపించినప్పుడు ఈ అంకెను గుర్తు చేసుకోవాలి.

ఇక ఏ పోగు అనేది. దీనికి జవాబు చెప్పేది మన వాతావరణమే. ఆదిలాబాద్‌లో డిసెంబరు, జనవరి రాత్రులు పది డిగ్రీల కంటే కిందికి దిగడం మామూలు; వరంగల్‌లో చలి అంత పదునుగా ఉండదు, ఏడాదిలో ఎక్కువ భాగం ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. మా అక్కకు పనికివచ్చిన దుప్పటి హన్మకొండలో మా ఇంట్లో రెండు నెలలకు మించి బయటికి రాదు. చలి గట్టిగా ఉండే చోటుకు ఉన్ని గాని, యాక్రిలిక్ అనే కృత్రిమ పోగు గాని తగినవి, వరంగల్, కరీంనగర్ వంటి చోట్ల ఏడాది పొడవునా వాడుకొనే పల్చని దుప్పటికి పత్తి తగినది అన్నది నా అభిప్రాయం. దుకాణాలలో "ఊలు" అని అమ్మేది చాలావరకు యాక్రిలిక్ అని లేబులు చదివితే తెలుస్తుంది. అందులో తప్పేమీ లేదు. అది తేలిక, చవక, వాషింగ్ మెషీన్‌కు తట్టుకొంటుంది. అయితే గాలిలోని తేమను ఉన్ని తన బరువులో సుమారు 16 శాతం, పత్తి సుమారు 8 శాతం పీల్చుకొంటే, యాక్రిలిక్ 2 శాతం కూడా పీల్చుకోదు. చెమట పట్టే రాత్రి ఆ దుప్పటి కింద ఉక్కపోసినట్టు ఉండడానికి కారణం అదే. దాని మీద వేడి ఇస్త్రీ పెట్టకూడదు. వేడికి పోగు బిగువు కోల్పోయి, ఆ భాగం మళ్లీ పాత రూపానికి రాదు. ఉన్ని అయితే వేడినీళ్లలో వేసి రుద్దకూడదు. పోగులు పెనవేసుకొని ముడుచుకుపోతాయి.

ఉన్ని అనగానే మన ప్రాంతంలో కురుమల గొంగడి గుర్తుకు వస్తుంది. దక్కని గొర్రె ఉన్ని ముతకది. చింతగింజల గంజి పట్టించి దానికి బిగువు తెస్తారు. వానకూ చలికీ తట్టుకొనే ఆ గుణం కప్పుకొని తిరిగే గొంగడికి సరైనదే గాని, హుక్కుతో అల్లి ఒంటికి ఆనించుకొనే దుప్పటికి ఆ ఉన్ని గరుకుగా ఉంటుంది.

పత్తి సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. పత్తి అమ్మకాలు సాగే ఏనుమాముల మార్కెట్ ఉన్న వరంగల్ వాళ్లకు పత్తి మీద సహజంగానే మనసు పోతుంది. పత్తి బరువైన పోగు. ఘన సెంటీమీటరుకు దాని సాంద్రత 1.54 గ్రాములు, ఉన్నిది 1.31, యాక్రిలిక్‌ది సుమారు 1.18. ఒకే లావు దారం 100 గ్రాముల యాక్రిలిక్ ఉండలో 280 మీటర్లు వస్తే, పత్తి ఉండలో 215 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. అందువల్ల యాక్రిలిక్‌కు రాసిన నమూనాలో "ఇన్ని గ్రాములు" అన్న అంకెను పత్తికి అలాగే వాడితే దాదాపు నాలుగో వంతు లోటు పడుతుంది. ఎప్పుడూ మీటర్లతో పోల్చుకోవాలి, గ్రాములతో కాదు.

చేనేతకు వాడే చిలపల నూలుతో, అంటే చుట్టలుగా కట్టి అమ్మే నూలుతో, అల్లాలనుకొనే వారికి ఒక లెక్క ఉపయోగపడుతుంది. నూలు నంబరు అంటే ఒక పౌను బరువులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తాయనేది. నంబరు పెరిగే కొద్దీ నూలు సన్నబడుతుంది. 10వ నంబరు ఒంటి పోగు 100 గ్రాములకు దాదాపు 1,690 మీటర్లు వస్తుంది. అలాంటి ఎనిమిది పోగులు కలిపితే 100 గ్రాములకు 210 మీటర్లు, అంటే దుకాణంలో దొరికే మధ్యరకం పత్తి దారంతో సమానం. పురి లేకుండా ఊరికే కలిపి పట్టుకుంటే హుక్కు ఆరు పోగులను లాగి రెండింటిని వదిలేస్తుంది గనుక, కలిపి పురి పెట్టించుకోవడం మంచిది. ఆ నూలును అల్లకముందే ఒకసారి ఉతికి ఆరబెట్టాలి. కుదించుకుపోయేది ఏదో అప్పుడే కుదించుకుపోతుంది.

దారం లావు తరువాత వచ్చేది హుక్కు, కుట్టు. కోస్తా వైపు నరసాపురం క్రోషే లేసు, 2024లో భౌగోళిక గుర్తింపు పొందినది, సన్నని పత్తి దారంతో సన్నని హుక్కుతో అల్లేది. ఆ పద్ధతిలో పరుపు మీద పరిచే కప్పులు అద్భుతంగా వస్తాయి గాని అవి అలంకారానికి. చలి ఆపడానికి కావలసింది గాలిని పట్టి ఉంచే మందం. దుప్పటికి మధ్యరకం దారం, 4.5 మిల్లీమీటర్ల హుక్కు అనుకూలంగా ఉంటాయి. లేబులు మీద సూచించిన హుక్కు కంటే అర మిల్లీమీటరు పెద్దది తీసుకుంటే బట్ట మెత్తగా ఒంటి మీద వాలుతుంది. చిన్నది తీసుకుంటే జంపఖానాలా బిర్రుగా నిలబడుతుంది. కుట్టు పేరు దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. బ్రిటిష్ పుస్తకాలలో డబుల్ క్రోషే అనే పొట్టి కుట్టే అమెరికా నమూనాలలో సింగిల్ క్రోషే. అమెరికా వారి డబుల్ క్రోషే అనే పొడుగు కుట్టును బ్రిటిష్ వారు ట్రెబుల్ అంటారు. మనకు రెండు రకాల నమూనాలూ చేతికి వస్తాయి. పొరబడి పొట్టి కుట్టుతో అల్లితే అదే పొడవుకు వరుసలు దాదాపు రెట్టింపవుతాయి, ఊలూ పెరుగుతుంది, దుప్పటి గట్టిపడుతుంది. ఈ వ్యాసంలో డబుల్ క్రోషే అన్నచోట అమెరికా అర్థమే తీసుకోవాలి.

నేతకారుడికి పడుగు చేసే పనిని అల్లికలో మనకు చేసిపెట్టేది మచ్చు ముక్క. నాకు ఈ పని మొత్తంలో అన్నిటికంటే విలువైనది ఇదే అనిపిస్తుంది. కొన్న దారంతో, వాడబోయే హుక్కుతో, అనుకున్న కుట్టుతో 20 సెంటీమీటర్ల చదరం అల్లాలి. నాలుగు వేళ్ల ముక్క చాలదు. అంచుల దగ్గర కుట్లు ఎప్పుడూ వంకరగా ఉంటాయి గనుక కొలవవలసింది మధ్యలోని 10 సెంటీమీటర్లు. అల్లగానే కొలవకూడదు. దుప్పటిని రేపు ఎలా ఉతుకుతామో ముక్కనూ అలాగే ఉతికి, పిండి, లాగకుండా తువ్వాలు మీద పరిచి, పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు టేపు పెట్టాలి. యాక్రిలిక్ ఉతికిన తరువాత కాస్త వదులవుతుంది, పత్తి ముడుచుకొంటుంది. రెండింటిలో ఏది జరిగినా ముక్క ముందే చెప్పేస్తుంది.

నా రెండో దుప్పటికి చేసిన ముక్కలో 10 సెంటీమీటర్ల వెడల్పుకు 15 కుట్లు, 10 సెంటీమీటర్ల ఎత్తుకు 8 వరుసలు వచ్చాయి. 150 సెంటీమీటర్లకు 225 కుట్లు, 180 సెంటీమీటర్లకు 144 వరుసలు. డబుల్ క్రోషేకు మొదటి మూడు గొలుసులు ఒక కుట్టు కింద లెక్క గనుక 225 కుట్లకు 227 గొలుసులు వేయాలి. ఇప్పుడు నా మొదటి దుప్పటిలోని అర జానెడు సంగతి చూద్దాం. కొత్తపనికి బెరుకుగా పట్టుకున్న చెయ్యి పది రోజులకు సడలుతుంది. 10 సెంటీమీటర్లకు 15 కుట్లు పడేచోట 14 పడడం మొదలైతే అవే 225 కుట్లు 160 సెంటీమీటర్లు దాటి విస్తరిస్తాయి. పది సెంటీమీటర్లకు పైగా తేడా ఒక్క కుట్టు వదులులోంచి వచ్చింది. పైగా తొలి గొలుసు సహజంగానే బిగుసుకొని ఆ అంచును లోపలికి లాగుతుంది. గొలుసు వరకు అర మిల్లీమీటరు పెద్ద హుక్కు వాడితే ఆ లాగుడు తగ్గుతుంది. ఇప్పుడు ప్రతి 25 కుట్లకు ఒక రంగుదారం ముక్క కట్టుకొంటాను. తొమ్మిది ముక్కలు దాటితే వరుస పూర్తయినట్టు. ప్రతి ఇరవై వరుసలకు ఒకసారి దుప్పటిని నేల మీద పరిచి వెడల్పు కొలుస్తాను.

ఆ ముక్కే ఊలు లెక్క కూడా చెబుతుంది, అదీ ఏ నమూనా పుస్తకం కంటే నిక్కచ్చిగా. ఆరిన ముక్కను గ్రాములు చూపే వంటింటి తూకం మీద పెట్టాలి. ఇంట్లో లేకపోతే తెలిసిన బంగారం దుకాణంలో తూచి ఇస్తారు. నా ముక్క 400 చదరపు సెంటీమీటర్లు, 14 గ్రాములు. 27,000ను 400తో భాగిస్తే 67.5, దాన్ని 14తో హెచ్చవేస్తే 945 గ్రాములు. అంచు అల్లికకు, దారపు కొసలకు, చేతి తేడాకు కలిపి పదో వంతు చేర్చితే 1,040 గ్రాములు, అంటే 100 గ్రాముల ఉండలు 11. అదే లావు పత్తితో అల్లితే ముక్క 18 గ్రాముల దగ్గర తూగుతుంది, దుప్పటి పదో వంతు చేర్చకముందే 1,215 గ్రాములు అవుతుంది. ఆ దుప్పటి తడిసినప్పుడు ఎంత బరువవుతుందో, తీగ మీద వేలాడదీస్తే తన బరువుకు తానే ఎలా సాగిపోతుందో ఊహించుకొంటే, పత్తి దుప్పటిని చాప మీద పరిచి ఆరబెట్టమని ఎందుకు చెబుతారో తెలుస్తుంది.

ఒకే పలకగా కాకుండా గ్రానీ చదరాలు, అంటే మధ్య నుంచి చుట్లు చుట్లుగా అల్లే చిన్న చదరాలు, అల్లి కలపాలనుకొంటే లెక్క మారుతుంది. 12 సెంటీమీటర్ల చదరాలు అడ్డంగా 12, నిలువుగా 15 పెడితే 144, 180 వస్తాయి. చుట్టూ 3 సెంటీమీటర్ల అంచు అల్లితే 150, 186. చదరాలు 180. ఒక్కో చదరానికి మూడు రంగులు వాడితే ఆరు కొసలు, మొత్తం 1,080 కొసలు సూదితో లోపలికి దోపాలి. ఒక్కో కొసకు 15 సెంటీమీటర్లు వదిలినా 162 మీటర్ల దారం వాటికే పోతుంది. అర ఉండకు పైమాటే. 30 సెంటీమీటర్ల పెద్ద చదరాలైతే 30 చాలు, మూడు రంగులకు కొసలు 180. ఇంత చెప్పినా చిన్న చదరాలకు మన దగ్గర ఒక గొప్ప సౌకర్యం ఉంది. మే నెలలో ఎండ 42, 44 డిగ్రీలు ఉన్నప్పుడు సగం అయిన దుప్పటిని ఒడిలో పరుచుకొని కూర్చోవడం ఎవరి వల్లా కాదు. అరచేతిలో ఇమిడే చదరాన్ని మాత్రం కూలరు పక్కన కూర్చొని హాయిగా అల్లుకోవచ్చు. వేసవిలో చదరాలు అల్లుకొని, దసరా తరువాత కలుపుకొనేవారు తెలివైనవారు.

పలక దుప్పటికి కాలం లెక్క కూడా అవసరమే. 225 కుట్లు, 144 వరుసలు అంటే 32,400 కుట్లు. నిమిషానికి 20 కుట్ల చొప్పున 27 గంటలు. రోజుకు గంట కూర్చొనే మనిషికి నెల పని. సద్దుల బతుకమ్మ అయిన మర్నాడు మొదలుపెట్టినా చలి ముదిరే వేళకు దుప్పటి చేతికి వస్తుంది.

కొనేటప్పుడు మొదట ఒక్క ఉండే కొనాలి. దానితో ముక్క అల్లి, ఉతికి, తూచి, రెండు మూడు రోజులలోనే మళ్లీ వెళ్లి మిగతా ఉండలన్నీ ఒకేసారి తీసుకోవాలి. లేబులు మీద షేడ్ నంబరుతో పాటు లాట్ నంబరు అని ఇంకొకటి ఉంటుంది. ఒక తొట్టిలో ఒకసారి అద్దిన దారానికంతటికీ అదే నంబరు. షేడ్ ఒకటే అయినా లాట్ మారితే రంగు వెంట్రుకవాసి పక్కకు జరుగుతుంది. నా మెరూన్ దుప్పటిలో గీత అక్కడి నుంచే వచ్చింది. ఒకే లాట్‌లో కావలసినన్ని దొరకకపోతే ఉండలను దుకాణం బయటికి తెచ్చి పగటి వెలుతురులో చూసి, ఒక వరుస పాత లాట్‌తో, ఒక వరుస కొత్తదానితో మార్చి మార్చి అల్లాలి. అప్పుడు గీత పడదు, రంగు మెల్లగా కలిసిపోతుంది. మొదటి ఉండ లాట్ దొరకకపోతే ఆ ఉండను దుప్పటిలో కలపకుండా అంచుకు ఉంచుకోవడం మేలు.

అక్క కోసం అల్లిన రెండో దుప్పటి ఉతికిన తరువాత పై అంచున 150, మధ్యలో 151, కింది అంచున 152 సెంటీమీటర్లు వచ్చింది. పదకొండో ఉండలో గుప్పెడు దారం మిగిలింది. దాన్ని, ఆ మచ్చు ముక్కను, లాట్ నంబరున్న లేబులును ఒక బిస్కెట్ డబ్బాలో పెట్టి దుప్పటితో పాటు ఆదిలాబాద్ పంపాను. రెండేళ్ల తరువాత మంచం మేకుకు తగిలి ఒక మూల తెగినప్పుడు అక్క దుప్పటినీ డబ్బానూ కలిపి తెచ్చింది. ఆ దారంతోనే, ఆ ముక్కలోని కుట్టు బిగువు చూసుకొంటూ, పన్నెండు కుట్లు మళ్లీ అల్లాను.